మొవ్వు స్వరం

శిక్షణ కేంద్రం
14 జూలై 2024

పూజ్యులైన త్రిమూర్తులు మావయ్యగారికి, మీ చెల్లెలి కూతురు వీరవేణి నమస్కారాలతో రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను. వచ్చిన రోజే మా ఫోన్లు తీసుకుని ఇనప బీరువాలో పెట్టి తాళం వేసేశారు. ఆదివారం ఒక్క ఫోను, అదీ వరసలో నిలబడి. అమ్మ "అన్నం తిన్నావా" అని అడిగేసరికి వెనక పంజాబీ అమ్మాయి గొంతు సవరించుకుంటుంది. అందుకే మీకు ఉత్తరం. నాన్న కువైట్‌లో ఉండబట్టి ఇలాంటివి చెప్పుకోవడానికి నాకు మీరే దిక్కు. పైగా ఈ క్లారినెట్ నా నోట్లో పెట్టింది మీరు.

ఇక్కడ తిండికి లోటు లేదు. అన్నం అని కూడా ఒకటి పెడతారు. దాన్ని గురించి అమ్మకి చెప్పకండి.

అసలు సంగతికి వస్తాను. ఇక్కడి కేంద్ర బలగాల బ్యాండులో చేరినవాళ్ళందరికీ నవంబరులో పరీక్ష పెడతారు. క్లారినెట్ వాళ్ళు మన వాయిద్యంలో అన్నిటికన్నా పైనున్న స్వరాలు ఎక్కాలి. మీరు మొవ్వు స్వరాలంటారు చూడండి, కొబ్బరి చెట్టుకి మొవ్వు తర్వాత ఇంకేమీ లేనట్టు ఆ పైన ఇంకేమీ లేదని, అవే. ఎక్కడం నాకు వచ్చు. చిక్కల్లా ఏమిటంటే, ఉస్తాద్‌గారు వాటిని మెల్లగా వాయించమంటున్నారు. ఇక్కడ నేర్పే ఆయన్ని ఉస్తాద్ అనాలి. మెల్లగా అంటే ఎంతని అడిగితే, పక్కన ఉయ్యాల్లో పసిబిడ్డ లేవకూడదన్నారు. పదిమంది కలిసి వాయిస్తుంటే నాది విడిగా వినపడకూడదట. నేను మెల్లగా ఊదితే స్వరం కిందికి జారిపోతోంది, లేదా కీచుమంటోంది. మొన్న కీచుమన్నప్పుడు వంటశాల కుక్కలు బయటికొచ్చి చూశాయి.

పరీక్ష తప్పితే బ్యాండులోంచి తీసేసి, తుపాకీ ఇచ్చి గేటు దగ్గర నిలబెడతారు. గేటు దగ్గర నిలబడేదైతే ఇంటికి వచ్చేస్తానని అమ్మతో అన్నాను. నాకు ఉద్యోగం కన్నా క్లారినెట్ కావాలి మావయ్యా. మొవ్వు స్వరాన్ని మెల్లగా పట్టుకోవడం ఎలాగో రాయండి.

భవానీ అత్తకి నమస్కారాలు. శివ బావని అడిగానని చెప్పండి.

మీ మేనకోడలు
వీరవేణి


రాజోలు
25 జూలై 2024

చిరంజీవి వీరవేణిని మావయ్య త్రిమూర్తులు దీవించి రాస్తున్న సంగతులు.

ఇక్కడ అందరం బాగున్నాం. గోదారికి నీళ్ళొచ్చాయి. లంకలవాళ్ళు పశువుల్ని గట్టెక్కించారు. ఆషాఢం కాబట్టి పెళ్ళిళ్ళు లేవు, మా మేళమంతా ఇళ్ళలో కూచుని పెళ్ళాలచేత తిట్లు తింటోంది. అందువల్ల నీ ఉత్తరం తీరిగ్గా చదివాను. "మెల్లగా" అన్న మాట దగ్గర అనుమానం వచ్చి మీ అత్తచేత కూడా చదివించాను. మెల్లగానే అని ఉందంది.

ఇన్నేళ్ళుగా వాయిస్తున్నాను, మెల్లగా వాయించండని ఏ పెళ్ళివారూ అడగలేదు. ఎదురుసన్నాహంలో మగపెళ్ళివారి మేళం, ఆడపెళ్ళివారి మేళం ఎదురెదురుగా నిలబడతాయి. మొవ్వు స్వరం ఎవరు కాలవ అవతలికి వినిపించేలా ఎక్కువసేపు నిలిపితే వాళ్ళదే పైచేయి. పసిబిడ్డలు లేస్తే వాళ్ళ తల్లులు చూసుకుంటారు.

అయినా గవర్నమెంటు అడిగింది కాబట్టి ఆలోచించాను. శబ్దం తగ్గాలంటే గాలి తగ్గాలి. గాలి తగ్గాలంటే తూము తలుపు దించినట్టు దారి ఇరుకు చెయ్యాలి. కింది పెదవిని పళ్ళ మీదికి మడిచి మూతి దగ్గర రీడు బద్దని గట్టిగా కరిచిపట్టుకో. కరిస్తే ఏ స్వరమూ ఎక్కడికీ పోదు. నేను వాయించేది అలాగే. నొప్పెడితే నొప్పెట్టనియ్యి, రెండు వారాల్లో అలవాటైపోతుంది.

శివప్రసాద్ అమలాపురంలో ఏసీలు బాగుచేస్తున్నాడు. మంచి పేరొచ్చింది. మా ఇంట్లో ఫ్యాను మాత్రం తిరగడం లేదు.

మీ మావయ్య
త్రిమూర్తులు


శిక్షణ కేంద్రం
11 ఆగస్టు 2024

మావయ్యగారికి వీరవేణి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే కరిచాను. మొదటి రెండు రోజులూ స్వరం నిలబడింది. మూడో రోజు కింది పెదవి లోపల తెగి, వాచి, ముద్ద నమలడానికి లేకుండా అయింది. ఆసుపత్రి గదిలో నర్సు, ఎవరు కొట్టారని అడిగింది. క్లారినెట్ అన్నాను. "జారిపడింది" అని రాసుకుంది.

ఉస్తాద్‌గారు నా పెదవి చూసి, ఇలా కరవమని ఎవరు చెప్పారన్నారు. మా మావయ్య అన్నాను. "ఆయనకి నీ మీద ఏమైనా కోపమా" అని అడిగారు. నవ్వకుండా అడిగారు. ఆయన ఎప్పుడూ నవ్వరు కాబట్టి అది హాస్యమో కాదో నాకు తెలియలేదు.

ఆయన చెప్పేదేమిటంటే, కరవకూడదు, గొంతు తెరవాలి, నాలుక పైకి లేపాలి. ఇదంతా హిందీలో. నాలుక ఎంత పైకి అని అడిగితే చూపుడువేలు, బొటనవేలు దగ్గరగా పెట్టి ఇంత అంటారు. నోట్లో వేలు పెట్టి కొలుచుకుంటూ క్లారినెట్ వాయించలేను కదా.

మావయ్యా, మీరు నిజంగా కరుస్తారా? ఒకసారి చూసుకుని రాయండి. స్వరం మళ్ళీ జారిపోతోంది. నాతో వచ్చిన వాళ్ళలో ఇద్దరికి అప్పుడే పట్టు చిక్కింది. నాకు భయంగా ఉంది.

మీ వీరవేణి


రాజోలు
20 ఆగస్టు 2024

చిరంజీవి వీరవేణికి మావయ్య దీవెనలు.

పెదవి వాచిందని రాశావు. మంచిదే. కొబ్బరి దింపుకత్తి పట్టేవాడి చేతికి ముందు బొబ్బలొస్తాయి, తర్వాత కాయలు కాస్తాయి. పెదవీ అంతే. తేనె రాయి.

నేను కరుస్తానా అని అడిగావు. కరవకుండా క్లారినెట్ ఏమైనా గాలిలో నిలబడుతుందా? అయితే మీ ఉస్తాద్‌గారు పెద్ద ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి, అసలు మొవ్వు స్వరం మెల్లగా వస్తుందో రాదో నేనే చూద్దామనుకున్నాను. కొబ్బరి దింపు తీసే కనకరాజు మొన్న మన తోటకి వస్తే ఒప్పందం చేసుకున్నాం. నేను చెట్టుకింద వాయిస్తాను. పైనున్న అతనికి వినిపిస్తే ఒక కాయ పడెయ్యాలి, వినిపించకపోతే ఊరుకోవాలి. నేను దూరంగానే నిలబడ్డాను. చీకటిపడేలోపు రెండు చెట్లు ఖాళీ అయ్యాయి, లేత పిందెలతో సహా. మీ అత్త ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది, సాధన బాగా సాగుతోంది.

మీ అమ్మ మొన్న వచ్చి శివప్రసాద్‌కి నిన్ను చేసుకునే సంగతి మళ్ళీ ఎత్తింది. అదేదైనా నువ్వు వచ్చాక మాట్లాడుకుందామన్నాను. నువ్వేమీ మనసులో పెట్టుకోకు.

మీ మావయ్య
త్రిమూర్తులు


శిక్షణ కేంద్రం
1 సెప్టెంబరు 2024

త్రిమూర్తులుగారికి, వీరవేణి రాస్తున్నది.

మీ ఉత్తరం అందింది. ఇవాళ ఫోనులో అమ్మతోనూ మాట్లాడాను. పరీక్ష గురించి భయంగా ఉందంటే, "పోతే పోయిందే, దానికంత బెంగ దేనికి, మావయ్య ఇల్లుంది, శివ ఉన్నాడు, నువ్వు కళ్ళెదురుగా ఉంటావు" అంది. అంటే అక్కడ అంతా అనుకునే ఉన్నారన్నమాట.

"నువ్వు వచ్చాక" అని మీరు రాశారు. నేను పాసైతే ఇక్కడినుంచి ఏ రాష్ట్రం పంపుతారో తెలియదు. తప్పితేనే వస్తాను. నేను వస్తానని మీకు అంత నమ్మకం ఎలా కలిగింది?

పెదవి తెగిందని రాస్తే మంచిదే అన్నారు. ఉస్తాద్‌గారు అడిగిన ప్రశ్న మీకు నవ్వు తెప్పించడానికి రాశాను. ఇప్పుడదే ప్రశ్న నేను అడుగుతున్నాను. కరవమన్నది నేను నేర్చుకోవాలనా, తప్పాలనా? నేను తప్పితే మీ ఇంటికి కోడలు వస్తుంది.

బావ మీద నాకు కోపం లేదు. అతనికేమీ తెలిసి ఉండదు. మీ మీదే. ఎనిమిదో తరగతిలో మేడ మీద మీ పక్కన కూచుని మొదటి స్వరం ఊదినప్పటి నుంచి మీరు చెప్పింది కాదని ఏదీ చెయ్యలేదు. నాకు చాలా కష్టంగా ఉంది.

ఇక నాకు సలహాలు రాయవద్దు.

వీరవేణి


రాజోలు
1 సెప్టెంబరు 2024

చిరంజీవి వీరవేణికి మావయ్య దీవెనలు.

నీ దగ్గర్నుంచి జవాబు రాకముందే ఇది రాస్తున్నాను. ఆగడానికి వీల్లేని సంగతి.

బుధవారం ఐనవిల్లిలో పెళ్ళి. ఎదురుసన్నాహం దగ్గర అవతలి మేళం కొత్తపేట వాళ్ళది. వాళ్ళ క్లారినెట్ రాజేంద్రప్రసాద్, మంచి ఊపిరున్నవాడు. అతను మొవ్వు స్వరం ఎక్కాడు. నేనూ ఎక్కాను. రోజూ తోటలో సాధన చేసి నోరు అలవాటు పడిపోయిందో ఏమో, అంతమందిలో నాకు స్వరం మెల్లగా వచ్చేసింది. చాలా బాగా వచ్చింది వీరవేణీ. జారలేదు, కీచుమనలేదు. వెంట్రుకని రెండు వేళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

అయితే అది వినిపించింది నాకొక్కడికే. నా బుగ్గలు కదులుతుండడం, శబ్దం రాకపోవడం చూసి రాజేంద్రప్రసాద్ తన వాయింపు ఆపేశాడు. "అన్నయ్యగారికి గాలాడట్లేదండీ, కుర్చీ తెండి" అన్నాడు. కుర్చీ వేశారు. పెళ్ళికొడుకు తాలూకు డాక్టరుగారు నాడి చూశారు. నేను బాగానే ఉన్నాను మొర్రో అంటుంటే, పాపం ఆయాసంలో ఏదో అంటున్నారని గ్లూకోజు నీళ్ళు కలిపారు. రెండు మేళాలూ ఆగిపోయి, పెళ్ళికొడుకు కారులోంచి దిగి నా దగ్గరికొచ్చి ధైర్యం చెప్పాడు. ముహూర్తం మాత్రం దాటలేదు.

మా మేళం యజమాని బంగారరాజుగారు మర్యాదస్తుడు. మర్నాడు ఇంటికొచ్చి, "కొన్నాళ్ళు వెనక వరసలో నడవండి త్రిమూర్తులుగారూ, ఎండ తగలకుండా ఉంటాది" అన్నాడు. ఆయ్ అన్నాను. ముందు వరసలో ఇప్పుడు వాళ్ళ మేనల్లుడు నడుస్తున్నాడు. ఇది మీ అమ్మకి తెలుసు, ఊళ్ళో అందరికీ తెలుసు, నీకూ తెలియాలి కాబట్టి రాశాను.

అసలు రాయాల్సింది వేరే ఉంది. గ్లూకోజు నీళ్ళు పట్టేముందు డాక్టరుగారు నా పైపళ్ళ సెట్టు తీయించారు. నా పై పళ్ళు పెట్టుడు పళ్ళని నీకు తెలుసు. ఆ సెట్టుని అరచేతిలో పెట్టుకుని కుర్చీలో కూచున్నప్పుడు ఆలోచన వచ్చింది. దీంతో నేను వేరుశనగ గింజ కొరకలేను, కొరికితే ఊడి చేతిలోకి వస్తుంది. మరి రీడుని ఎలా కరుస్తున్నాను? కరవడం లేదు. సెట్టు కట్టించుకున్నప్పటి నుంచీ కరవడం లేదు. నా సొంత పళ్ళున్న రోజుల్లో చేసిన పనిని, ఇప్పుడూ చేస్తున్నాననుకుని నీకు రాసేశాను.

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, అసలు నా నోట్లో ఏం జరుగుతోందో వెతికాను. పెదవులు సంచి మూతికి తాడు బిగించినట్టు చుట్టూ పట్టుకున్నాయి, అంతే. పనంతా నాలుకది. మనం ఔననడానికి ఆయ్ అంటాం చూడు. ఆ అన్నప్పుడు నాలుక కింద పడుకుని ఉంటుంది, చివరికి వచ్చేసరికి లేచి అంగిటికి తగిలీ తగలకుండా ఆగుతుంది. సరిగ్గా అక్కడ నిలిపి ఊదు. గాలి తగ్గించమన్నాను, అదీ తప్పే. గాలి తగ్గించకు, సన్నం చెయ్యి. ఊదబోయే ముందు ఆ స్వరాన్ని మనసులో విను. వినకుండా ఊదితే జారుతుంది. మీ ఉస్తాద్‌గారు చెప్పిందీ ఇదే అయ్యుంటుంది. ఆయనకి మన ఆయ్ తెలియదు కాబట్టి వేళ్ళతో చూపించారు.

నీ పెదవి తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు. పొరపాటు నాది.

మీ మావయ్య
త్రిమూర్తులు


రాజోలు
12 సెప్టెంబరు 2024

చిరంజీవి వీరవేణికి మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం వినాయక చవితి వెళ్ళాక అందింది. సలహాలు రాయవద్దన్నావు. ఇది సలహా కాదు. దీనికి ముందు ఒక సలహా పోస్టులో వేసేశాను, అది దారిలో ఉంది, వెనక్కి పిలవలేను. అందితే చదువు, ఇష్టం లేకపోతే చించెయ్యి.

శివప్రసాద్ సంగతి నేను చెబితే ఇప్పుడు నువ్వు నమ్మవు. నిన్ను రైలెక్కించిన రోజు స్టేషన్లో నేను ఏమన్నానో మీ అమ్మని అడుగు. సూటిగా అడుగు, మాట దాటేస్తుంది.

నాకు కోపం రాలేదని రాద్దామనుకున్నాను. వచ్చింది. రెండు రోజులు ఉంది, మూడో రోజు పోయింది. బాధ మాత్రం ఇంకా ఉంది.

ఇంకా రాస్తే సలహా వచ్చేస్తుంది. ఉంటాను.

మీ మావయ్య


శిక్షణ కేంద్రం
24 నవంబరు 2024

మావయ్యా,

మీ ఉత్తరాలు రెండూ ఒకేరోజు అందాయి. చిన్నదాన్ని ముందు చదివాను. పెద్దదాన్ని చించలేదు.

ఆ ఆదివారమే అమ్మని అడిగాను. వెనక పంజాబీ అమ్మాయి దగ్గడం మొదలుపెట్టేదాకా అమ్మ మాట దాటేస్తూనే ఉంది. తర్వాత చెప్పింది. రైలు కదలగానే తను శివ బావ సంగతి ఎత్తిందట. మీరు ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తుండగా అన్నారట, "వద్దు ఉమా. దాన్ని నా కోడల్ని చేసుకుంటే అది మళ్ళీ క్లారినెట్ ముట్టదు. నేను వద్దనను, కాని కోడలు మేళంలో వాయిస్తాదా అని ఊరు నవ్వితే, ఆ నోళ్ళు మూయించే దమ్ము నాకు లేదు. మళ్ళీ ఈ మాట ఎత్తకు." మీరు మనసు మార్చుకుంటారేమోనని అమ్మ ఆశపడి, నా దగ్గర దాచింది. అంటే మీరు నాకు ఒక్క ఉత్తరం కూడా రాయకముందే వద్దనేశారు.

ఇది తెలిసిన రోజే మీకు రాయాల్సింది. సిగ్గేసింది. పాసైతే ఆ కబురుతో పాటు క్షమాపణ కూడా పెట్టి పంపిద్దామనుకున్నాను. తప్పితే ఎలా రాయాలో ఆలోచించలేదు. మిమ్మల్ని గారు అని, చుట్టరికం తీసేసి రాశాను. ఆ ఉత్తరం మీ దగ్గరుంటే దయచేసి పొయ్యిలో పెట్టండి.

కరవడం మానేశాను. ఆయ్ అనుకుంటూ సాధన చేశాను. మొదట్లో పైకే అనేదాన్ని. మా బ్యారక్‌లో అమ్మాయిలకి అదేదో క్లారినెట్ మంత్రమనిపించి, ఇప్పుడు మణిపూర్ అమ్మాయి కూడా పొద్దున్నే అద్దం ముందు ఆయ్ అంటోంది. తను డ్రమ్ము వాయిస్తుంది.

పరీక్ష గురువారం అయింది. గది బయట స్టూలు మీద కాపలా సిపాయి కూర్చుని నిద్రపోతున్నాడు. మొవ్వు స్వరాన్ని ముందు మనసులో విన్నాను. తర్వాత ఎక్కాను. చెయ్యెత్తేదాకా నిలపమన్నారు, నిలిపాను. జారలేదు. ఉస్తాద్‌గారు నావంక చూడలేదు, తలుపులోంచి సిపాయి వంక చూశారు. అతను లేవలేదు. ఉస్తాద్‌గారు తల ఊపారు.

పాసయ్యాను మావయ్యా.

బంగారరాజుగారికి నేనొక ఉత్తరం రాయనా? ముందు వరసలో మీ చోటు పోయింది నా పరీక్ష వల్లనే అని రాస్తాను.

మీ వీరవేణి


రాజోలు
9 ఫిబ్రవరి 2025

చిరంజీవి వీరవేణికి మావయ్య ఆశీస్సులు.

మీ ఫోన్లు తిరిగిచ్చేశారని తెలుసు. నిన్న నువ్వు చేసినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. మీ అత్తకి ఇచ్చేసి పెరట్లోకి వెళ్ళాను. ఈ సంగతి ఫోనులో చెప్పేది కాదనిపించింది, అందుకే ఉత్తరం.

బంగారరాజుగారికి రాయవద్దు. వెనక వరసలో ఎండ నిజంగానే తగలడం లేదు.

శిక్షణ ముగిశాక జరిగే మీ పాసింగ్ అవుట్ పరేడ్‌కి రావాలనే అనుకున్నాను. అదే రోజు సఖినేటిపల్లిలో పెళ్ళి ఒప్పుకుని ఉన్నాం. ఎవరో తీసిన వీడియో మీ అమ్మ ఫోనుకి వస్తే, శివప్రసాద్ దాన్ని టీవీలో వచ్చేలా పెట్టాడు. వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. ఎర్ర తలపాగాలు పెట్టుకుని ఇరవైమంది దాకా క్లారినెట్ వాళ్ళు నడిచొస్తున్నారు. అందరూ ఒకేలా ఉన్నారు. మీ అమ్మ మూడో వరసలో ఒకమ్మాయిని చూపించి అదే నువ్వంది. కనకరాజు ఇంకొకరిని చూపించాడు. అంత దూరం నుంచి నాకు ఎవరూ నీలా కనపడలేదు.

చివర్లో మొవ్వు స్వరం వచ్చింది. "అదుగోనండీ, మన వీరవేణిదే, పైకి వినిపిస్తాంది" అన్నాడు కనకరాజు. అందరూ వినిపిస్తోందన్నారు. నేను వెనక్కి తిప్పించి, కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నాను. నీ ఊపిరి నాకు తెలుసు. ఎనిమిదో తరగతి నుంచి వింటున్నాను, వెయ్యిమందిలో ఉన్నా పోల్చగలను. ఎంత వెతికినా దొరకలేదు. ఇరవైమందీ కలిసి ఒక్క గొంతై పైకి వెళ్ళి, మెల్లగా అక్కడ నిలబడి, ఆగిపోయారు. మీ ఉస్తాద్‌గారు అడిగినట్టే, అందులో నువ్వు ఎక్కడా విడిగా లేవు.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, అంతమందిలోనూ ఏడ్చాను. మీ అత్త కంగారుపడి ఏమైందండీ అని అడిగింది. పిల్లది వినిపించలేదే అన్నాను. పాపం, భుజం మీద చెయ్యి వేసి, ఈసారి బాగా వాయిస్తాదిలెండి, ఊరుకోండి అని చాలాసేపు ఓదార్చింది. నేను ఓదార్చనిచ్చాను.

మీ మావయ్య
త్రిమూర్తులు